ఫ్లాస్ ఏది కొనాలి? రోజూ చేస్తే నిజంగా ఉపయోగం ఉందా?

పాలకంకి · తణుకు

అందరికీ నమస్కారం. పోయిన వారం పళ్లు క్లీనింగ్ చేయించుకున్నాను. కింది ముందు పళ్ల వెనకాల, దవడ పళ్ల సందుల్లో గార బాగా పేరుకుందని, ఇకనుంచి బ్రష్ ఒక్కటే సరిపోదని, రోజూ రాత్రి ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) చేయాలని డాక్టర్ గారు చెప్పారు. ఎలా చేయాలో అద్దంలో ఒకసారి చూపించారు గానీ, బయట జనం వెయిటింగ్‌లో ఉండటంతో హడావిడిగా అయిపోయింది. నాకు సరిగ్గా అర్థం కాలేదు.

మెడికల్ షాపులో అడిగితే రెండు రకాల చిన్న డబ్బాలు, చివర దారం బిగించిన ప్లాస్టిక్ పుల్లల ప్యాకెట్ ఒకటి ముందు పెట్టాడు. ఆన్‌లైన్‌లో చూస్తే మైనం పూసినది, పూయనిది, టేపు, పుదీనా, బొగ్గు, నీళ్లు చిమ్మే మెషిన్... అంతులేదు. ఏది తీసుకోవాలి?

ఇంకొకటి. చేసిన ప్రతిసారీ దారం ఎర్రగా వస్తోంది. రక్తం వస్తుంటే ఆపేయాలా, కొనసాగించాలా? అమ్మ అయితే "పళ్ల మధ్య దారం పెట్టి లాగితే సందులు పడతాయి, ఆ పని మానెయ్" అని రోజూ టెన్షన్ పడుతోంది.

బందరు లడ్డు · మచిలీపట్నం

మైనం పూసిన మామూలు నైలాన్ ఫ్లాస్ తీసుకోండి. 50 మీటర్ల డబ్బా ఒక మనిషికి మూడు నెలలు దాటి వస్తుంది. పుదీనా రుచి ఉన్నా లేకపోయినా పని ఒకటే. బొగ్గు వేసినదానికి ఎక్కువ డబ్బులు పెట్టే పని లేదు. ప్లాస్టిక్ పుల్లలు ప్రయాణాలకి పనికొస్తాయి గానీ రోజూ వాడకానికి నాకు నచ్చవు. అంగుళం కూడా లేని అదే దారంతో నోరంతా తిప్పుతాం. ఒక సందులో తీసిన పాచిని పక్క సందులో పెట్టడమే అవుతుంది.

చిగురాకు · హైదరాబాద్

పుల్లల్ని అలా తీసిపారేయకండి లడ్డు గారూ. పిల్లలున్న ఇంట్లో అవే దిక్కు.

మా బాబుకి ఐదేళ్లు. పాల దవడ పళ్లు రెండూ ఒకదానికొకటి గట్టిగా ఆనుకుని ఉంటాయి. పైకి చూస్తే పన్ను తెల్లగానే ఉంది, నొప్పి లేదు, వాడు ఎప్పుడూ ఏడవలేదు కూడా. స్కూల్లో చెకప్‌కి వచ్చినవాళ్లు అనుమానంగా ఉందంటే ఎక్స్‌రే తీయించాం. సరిగ్గా రెండు పళ్లూ ఆనుకున్న చోటే పుచ్చు! బ్రష్ అక్కడికి ఎలా వెళ్తుంది? అప్పటినుంచి రాత్రిళ్లు వాడి తల నా ఒళ్లో పెట్టుకుని దవడ పళ్ల సందులు నాలుగూ నేనే పుల్ల ఫ్లాస్‌తో చేస్తున్నాను. నా వేళ్లు వాడి నోట్లో పట్టవు, పుల్ల సులువుగా వెళ్తుంది. ప్రతి సందుకీ మధ్యలో గ్లాసు నీళ్లలో ముంచి కడుగుతాను. ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగితే, రెండు పళ్లు ఆనుకోవడం మొదలైన రోజు నుంచే అన్నారు మా పిల్లల దంతవైద్యురాలు.

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

పాలకంకి గారూ, ముందు రక్తం సంగతి చెప్తాను. ఎక్కువ మంది ఫ్లాస్ వదిలేసేది అక్కడే. దయచేసి ఆపకండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు మెల్లగా దారం తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. పాచి వల్ల వాచి ఉన్న చిగురే కారుస్తుంది. రోజూ మెత్తగా శుభ్రం చేస్తూ పోతే ఒకటి రెండు వారాల్లో వాపు దిగి రక్తం ఆగిపోతుంది. రెండు వారాలు దాటినా అదే చోట వస్తుంటే మాత్రం చూపించుకోవాలి. గుండెకి రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కూడా మానక్కర్లేదు. కాకపోతే రక్తం ఎంతసేపటికీ ఆగకపోతే మందు రాసిన డాక్టరుకి చెప్పండి.

ఈ వాపు ఎంత త్వరగా వస్తుందో, ఎంత త్వరగా పోతుందో 1965లోనే తేలింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో అనే ప్రొఫెసరు, చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. వాళ్లలో ఎక్కువ మంది డెంటల్ విద్యార్థులే. మూడు వారాలు తిరిగేసరికి అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో అందరికీ తగ్గిపోయింది. మా చదువులో ఇది మొదటి పాఠం. చిగురు వాపు దశలో ఉన్నప్పుడు పట్టుకుంటే పూర్తిగా వెనక్కి వస్తుంది. వాపు కిందకి దిగి పన్నుని పట్టుకున్న ఎముక కరిగిందంటే ఆ ఎముక ఇక తిరిగి రాదు. మా దగ్గరికి "పన్ను కదులుతోంది డాక్టర్" అని వచ్చేవాళ్లలో చాలా మందికి ఏనాడూ నొప్పి వచ్చి ఉండదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్లే.

అమ్మగారి భయం సంగతి. మన ఇళ్లలో ఇది చాలా పాత అనుమానం, గార గీకి తీసే స్కేలింగ్ గురించి కూడా ఇదే అంటారు. పాత గోడకి అంటిన సిమెంటు గీకేస్తే ఇటుకల మధ్య సందు బయటపడుతుంది. ఆ సందు గీకడం వల్ల వచ్చింది కాదు. గార విషయంలోనూ అంతే. పైగా వాచిన చిగురు ఉబ్బి సందుని నింపేసి ఉంటుంది, వాపు దిగగానే ఖాళీ కనిపిస్తుంది. ఫ్లాస్ దారం పళ్లని జరపలేదు. చిగుళ్ల జబ్బు ముదిరి ఎముక కరిగితే మాత్రం పళ్లు జరుగుతాయి.

ఇక చేసే పద్ధతి. మూరెడు దారం తెంపుకోండి. మోచేతి నుంచి నడిమి వేలి కొస వరకు అన్నమాట, సుమారు 45 సెంటీమీటర్లు. ఒక చేతి నడిమి వేలికి ఎక్కువ చుట్లు, రెండో చేతి నడిమి వేలికి రెండు చుట్లు. మధ్యలో అంగుళం, అంగుళంన్నర దారమే ఉండాలి. అంతకంటే ఎక్కువ వదిలితే పట్టు ఉండదు. పై పళ్లకి బొటనవేలు, చూపుడువేలు వాడండి. కింది పళ్లకి రెండు చూపుడు వేళ్లు. సందులోకి దింపేటప్పుడు ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదుపుతూ దించాలి. ఠప్పున నొక్కితే చిగురు తెగుతుంది. అమ్మలు భయపడేది ఆ దెబ్బకే.

దిగాక అసలు పని మొదలవుతుంది. దారాన్ని ఒక పన్ను వైపు వంచి ఆ పన్నుని వాటేసుకునేలా చేయండి. అలాగే చిగురు అంచు కిందికి, అడ్డు తగిలే దాకా మెల్లగా జార్చి, పన్నుని రాసుకుంటూ పైకీ కిందికీ నాలుగైదు సార్లు. తర్వాత దారం బయటికి తీయకుండా అదే సందులో పక్క పన్ను వైపు వంచి మళ్లీ అంతే. సందులో దించి వెంటనే లాగేసేవాళ్లకి ఇరుక్కున్న మటన్ పోగు వస్తుంది గానీ పన్నుకి అంటిన పాచి అక్కడే ఉంటుంది. సందు మారినప్పుడల్లా ఒక చేతి చుట్టు విప్పి, రెండో చేతికి చుట్టి, కొత్త దారం వాడండి. ఆఖరి దవడ పన్ను వెనక వైపుని మర్చిపోకండి. దానికి పక్క పన్ను లేకపోయినా పాచి పడుతుంది.

ఏది కొనాలన్నది మీ పళ్ల సందుని బట్టే తప్ప బ్రాండుని బట్టి కాదు. సందులు బిగుతుగా ఉంటే మైనం పూసినది లేదా టేపు, అంటే రిబ్బనులా చదునుగా ఉండే ఫ్లాస్. మామూలుగా ఉంటే ఏదైనా సరే. చిగురు కిందికి జారి పళ్ల మధ్య నల్లటి త్రికోణంలా ఖాళీ కనిపిస్తుంటే దారం చాలదు, సందులో దూరే బుల్లి బ్రష్, అంటే సందు బ్రష్ కావాలి.

ఓరుగల్లు పోరడు · హనుమకొండ

డాక్టరమ్మ గారూ, గౌరవంతోనే అడుగుతున్నా. 2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ వాళ్లు ఫ్లాస్ మీద పెద్ద కథనం వేశారు. 1979 నుంచి అమెరికా ప్రభుత్వం ఫ్లాస్ చేయమని చెబుతూ వచ్చింది, దానికి రుజువులు చూపమని వీళ్లు అడిగారు, ఆ తర్వాత వచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఫ్లాస్ మాటే లేదు. ఉన్న పరిశోధనలన్నీ బలహీనంగా ఉన్నాయని రాశారు. మరి రుజువు లేని దానికి జనం రోజూ టైమ్, డబ్బు ఎందుకు పెట్టాలి? మా తాతకి 80 దాటినా వేప పుల్లతోనే పళ్లన్నీ నిలబడ్డాయి.

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

మంచి ప్రశ్న తమ్ముడూ. దాటేయకుండా జవాబు చెప్తాను.

ఆ కథనంలో చెప్పింది నిజమే. ఫ్లాస్ మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, కొన్ని నెలలపాటు మాత్రమే చూసినవి. పళ్ల మధ్య పుచ్చు రావడానికి ఏళ్లు పడుతుంది, ఎముక కరగడానికీ ఏళ్లు పడుతుంది. అన్నేళ్లపాటు కొందరిని ఫ్లాస్ చేయొద్దని ఆపి చూడటం ఎవరికీ కుదరలేదు. ఆ మార్గదర్శకాల్లో మాట తీసేయడానికి ప్రభుత్వం చెప్పిన కారణం, ఈసారి తిండి మీదే దృష్టి పెట్టామని. ఫ్లాస్ పనికిరాదని వాళ్లు తేల్చలేదు.

2019లో కొక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే సంస్థ) 35 పరీక్షలని కలిపి చూశారు. బ్రష్‌తో పాటు ఫ్లాస్ గానీ సందు బ్రష్ గానీ వాడితే, ఒట్టి బ్రష్ కంటే చిగుళ్ల వాపు తగ్గవచ్చని, ఫ్లాస్ కంటే సందు బ్రష్ ఇంకొంచెం మేలు కావచ్చని చెప్పారు. రుజువు బలం తక్కువేనని కూడా అక్కడే రాశారు. నేను దాన్ని ఉన్నదున్నట్టే నా పేషెంట్లకి చెప్తాను.

నా మనసు మార్చింది మాత్రం 2006లో వచ్చిన ఒక సమీక్ష. పిల్లలకి స్కూలు ఉన్న రోజుల్లో శిక్షణ పొందినవాళ్లు స్వయంగా ఫ్లాస్ చేసిన చోట, ఏడాదిన్నర పైచిలుకు కాలంలో పళ్ల మధ్య పుచ్చు ముప్పు 40 శాతం తగ్గింది. అదే ఎవరికి వాళ్లు చేసుకున్న చోట తేడా కనిపించలేదు. చేతిలో ఉన్నది అదే దారం, తేడా వచ్చింది చేసిన తీరులో. అందుకే పైన పద్ధతి గురించి అంత వివరంగా రాశాను. "ఫ్లాస్ చేస్తున్నాను" అని చెప్పి, అద్దం ముందు చేసి చూపించమంటే సందులో దించి లాగేసేవాళ్లే ఎక్కువ. వాళ్లకి ఫలితం రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

తాతగారి పళ్లు నిలబడ్డాయంటే చాలా సంతోషం. వేప పుల్ల నమిలి కుచ్చు చేసి తోమితే బయటి వైపు బాగానే శుభ్రమవుతుంది. పన్నుకి ఐదు వైపులు ఉంటే పుల్లయినా బ్రష్ అయినా అందుకునేది మూడింటిని, అంటే బయట, లోపల, నమిలే వైపు. పక్క పళ్లకి ఆనుకున్న రెండు వైపులూ మిగిలిపోతాయి. ఆయన తరం తిన్నంత తీపి తిని ఊరుకుంటామంటే నేనూ ఫ్లాస్ గురించి ఇంతగా చెప్పను. టీతో బిస్కెట్లు, సాయంత్రం కేకు, రాత్రి కూల్‌డ్రింకు మన నోళ్లకి రోజూ పడుతున్నాయి కదా.

డల్లాస్ తెలుగోడు · టెక్సాస్

ఇక్కడి అనుభవం ఒకటి చెప్తాను. మా ఇన్సూరెన్స్‌లో ఏడాదికి రెండు క్లీనింగులు ఉంటాయి. ప్రతిసారీ పళ్లు క్లీనింగ్ చేసే హైజీనిస్ట్ సన్నటి కొలత కడ్డీతో ఒక్కో పన్ను చుట్టూ చిగురు లోతు కొలుస్తూ, రెండు, మూడు, రెండు, నాలుగు అని పైకి చదువుతుంది. పక్కనున్న ఆవిడ కంప్యూటర్లో ఎక్కిస్తుంది. 3 మిల్లీమీటర్ల వరకు మంచిదే, 4 దగ్గర్నుంచి జాగ్రత్త పడాలి. నాకు కుడి వైపు దవడ పళ్ల మధ్య 5లు వినిపించేవి. అవి వినడం మొదలయ్యాకే ఫ్లాస్ విలువ తెలిసింది. ఎడం వైపు కంటే కుడి వైపు నేను సరిగ్గా చేయడం లేదని ఆ అంకెలే చెప్పాయి. ఏడాదికి చాలా చోట్ల 3కి దిగింది. ఇండియాలో ఉన్నవాళ్లు క్లీనింగ్‌కి వెళ్లినప్పుడు "చిగురు లోతు ఎంత ఉంది?" అని అడగండి. అడిగితే కొలిచి చెప్తారు.

రిటైర్డ్ మాస్టారు · ఒంగోలు

అమ్మా డాక్టరు గారూ, నాకు 67. పద్దెనిమిదేళ్లుగా షుగరు. కింది ముందు పళ్లు కొంచెం కదులుతున్నాయి, పళ్ల మధ్య పెద్ద సందులే ఉన్నాయి. భోజనం చేశాక ప్రతిసారీ ఏదో ఒకటి ఇరుక్కుంటుంది. గోంగూర పీచు, మునక్కాయ తొక్కు, వేసవిలో అయితే రసాల పీచు సంగతి చెప్పనక్కర్లేదు. చీపురు పుల్ల విరిచి తీసుకోవడం అలవాటు. మా మనవరాలు ఫ్లాస్ కొనిచ్చింది గానీ నా వేళ్లు వణుకుతాయి, దారం చుట్టుకోవడం రావటం లేదు. నాలాంటివాళ్లకి మార్గం ఉందా?

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

మాస్టారూ, తప్పకుండా ఉంది. మీకు ఫ్లాస్ కంటే సందు బ్రష్ మంచిది. సన్నటి తీగ చుట్టూ కుచ్చు ఉన్న బుల్లి బ్రష్, పట్టుకోవడానికి పొడుగు పిడి ఉన్నది అడగండి. పెన్ను పట్టుకున్నట్టు ఒక చేత్తోనే చేసుకోవచ్చు. సైజులు చాలా ఉంటాయి, రంగు కంపెనీని బట్టి మారిపోతుంది, కాబట్టి రంగు గుర్తు పెట్టుకోకుండా ప్యాకెట్ మీద నంబరు చూడండి. సందులో కొంచెం రాసుకుంటూ వెళ్లాలి. తోసి ఎక్కించాల్సి వస్తే పెద్దదైనట్టు, వదులుగా జారిపోతే చిన్నదైనట్టు. చాలా మందికి ముందు పళ్లకి ఒక సైజు, దవడ పళ్లకి ఇంకో సైజు పడుతుంది. మొదటిసారి మీ డాక్టరు గారినే సైజు చూసి చెప్పమనండి. వాడాక కడిగి ఆరబెట్టండి. తీగ వంగినా, కుచ్చు ఊడినా పారేయండి. పేస్టు అద్దాల్సిన పని లేదు.

చీపురు పుల్ల, పిన్నీసు, అగ్గిపుల్ల ఈ రోజుతో ఆపేయండి మాస్టారూ. చిగురులో విరిగిపోయిన పుల్ల ముక్క చీము పట్టాక తీయాల్సి వచ్చిన సందర్భాలు మాకు కొత్త కాదు.

షుగరు సంగతి అందరూ చదవాలి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండువైపులా నడుస్తుంది ఇది. 2022లో కొక్రేన్ వాళ్లు చూసినదాని ప్రకారం, చిగుళ్ల జబ్బుకి వైద్యం చేయించుకున్నవాళ్లలో మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరుని శాతంలో చూపే పరీక్ష) సగటున 0.43 పాయింట్లు తగ్గింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ షుగరు డాక్టర్లని అడిగితే దాని విలువ చెప్తారు. మీ పళ్లు కదులుతున్నాయన్నారు కాబట్టి ఇంట్లో శుభ్రం ఒక్కటే చాలదు. లోతుగా క్లీనింగ్ చేయించుకోవాలి. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్కుల కంటే తక్కువకే చేస్తారు. టైమ్ పడుతుంది గానీ పని శ్రద్ధగా చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తుంటారు కాబట్టి.

రిటైర్డ్ మాస్టారు · ఒంగోలు

చాలా సంతోషం తల్లీ. రేపే వెళ్లి సందు బ్రష్ అడుగుతాను. షుగరు డాక్టరు ఇన్నేళ్లలో నా నోరు తెరిచి చూసింది లేదు, నేనూ చెప్పింది లేదు.

మర్రిచెట్టు నీడ · నల్లగొండ

మా ఊళ్లో నా వయసు వాళ్లందరి పళ్లూ ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పచ్చగా, గోధుమ రంగు చారలతో ఉంటాయి. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి గానీ మా పళ్లకి అయ్యింది అయ్యింది. ఇలాంటి పళ్ల మధ్య ఫ్లాస్ వాడొచ్చా? దారం ఊరికే చిక్కుకుని పోగులు లేస్తోంది. పేస్టులో ఫ్లోరైడ్ ఉంటే వద్దా?

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

వాడొచ్చు, వాడాలి కూడా. ఫ్లోరైడ్ మచ్చలు పన్ను చిగురులోపల తయారవుతున్న చిన్నతనంలోనే పడతాయి. పెద్దయ్యాక పేస్టు వల్ల కొత్తగా రావు. కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు మానక్కర్లేదు, తోమి ఉమ్మేస్తున్నాం కదా. మరీ ఎక్కువగా దెబ్బతిన్న పళ్ల పైపొర గుంతలు పడి గరుకుగా ఉంటుంది, దారం అక్కడ చిక్కుకోవచ్చు. మైనం పూసిన దారం గానీ టేపు గానీ వాడి చూడండి.

ఈ సందర్భంగా అందరికీ ఒక మాట. నోరంతా బాగానే ఉండి, ఎప్పుడూ ఒకే సందులో దారం పోగులు లేస్తున్నా తెగుతున్నా ఆ చోటు గుర్తుపెట్టుకుని చూపించండి. అక్కడ గార గడ్డకట్టి ఉండొచ్చు, పాత ఫిల్లింగ్ అంచు లేచి ఉండొచ్చు, పుచ్చు మొదలై ఉండొచ్చు. అలాగే ఒకే సందులో దారం ముక్కు దగ్గర పెడితే వాసన వస్తోందంటే కూడా. వినడానికి ఎబ్బెట్టుగా ఉన్నా వాసన చూడండి, ఇంట్లో చేసుకునే పరీక్షల్లో ఇంత సులువైనది లేదు. తిండి రోజూ ఒకే చోట ఇరుక్కోవడం మొదలైతే అక్కడ రెండు పళ్ల మధ్య ఆనిక పోయిందని అర్థం, ఫిల్లింగో క్యాపో సరిచేయాల్సి ఉంటుంది.

విశాఖ అల · విశాఖపట్నం

నాకు క్లిప్పులు ఉన్నాయి. తీగ అడ్డం ఉండటంతో దారం పైనుంచి దిగదు. సూపర్ ఫ్లాస్ అని ఒకటి దొరుకుతుంది. ఒక కొస గట్టిగా సూదిలా ఉంటుంది, దాన్ని తీగ కిందనుంచి దూర్చి, మధ్యలో ఉన్న దూదిలాంటి మెత్తటి భాగంతో పన్ను పక్కలు తుడవాలి. బాగా చేయాలంటే పావుగంట పడుతుంది, అబద్ధం చెప్పను. పరీక్షల రోజుల్లో అంత ఓపిక ఉండదని నాన్న వాటర్ ఫ్లాసర్, అదే నీళ్లు చిమ్మే మెషిన్, కొనిచ్చారు. క్లిప్పుల చుట్టూ ఇరుక్కున్న అన్నం మెతుకులు, కూర ముక్కలు దానితో చక్కగా పోతున్నాయి. దారం పూర్తిగా మానేయొచ్చా డాక్టర్ గారూ?

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

వాటర్ ఫ్లాసర్ క్లిప్పులున్నవాళ్లకి, ఇంప్లాంట్లు, బ్రిడ్జీలు ఉన్నవాళ్లకి మంచి తోడు. చిగుళ్ల రక్తం తగ్గించడంలో బాగా పనిచేస్తుంది. అయితే పళ్లు బిగుతుగా ఆనుకున్న చోట జిగురుగా అంటుకున్న పాచిని దారం రాసి తీసినట్టు నీళ్ల ధార తీయదు. పరీక్షలప్పుడు మెషిన్‌తో లాగించండి, మిగతా రోజుల్లో రాత్రి సూపర్ ఫ్లాస్ కూడా చేయండి. నీళ్ల ధార మొదట్లో తక్కువ ఒత్తిడిలో పెట్టండి. క్లిప్పులు తీసిన రోజు పళ్ల మీద తెల్ల మచ్చలు కనిపించి ఏడ్చే పిల్లలని చూస్తుంటాను. ఆ మచ్చలు పాచి నిలిచిన చోట్లే పడతాయి.

చిగురాకు · హైదరాబాద్

టేపు గురించి ఒక అనుమానం. నున్నగా జారడానికి కొన్నిటికి నాన్‌స్టిక్ పెనాలకి వాడే పదార్థం వాడతారని, అది ఒంట్లోకి వెళ్తుందని చదివాను. నిజమా?

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

టేపుల్లో చాలా వాటిని పీటీఎఫ్‌ఈతో చేస్తారు, అది ఆ కుటుంబానికి చెందినదే. 2019లో అమెరికాలో 178 మంది మహిళల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ రకం టేపు వాడేవాళ్ల రక్తంలో అదే కుటుంబానికి చెందిన పీఎఫ్‌ఏఎస్ రసాయనాల్లో ఒకటి కొంచెం ఎక్కువగా కనిపించింది. అది టేపు వల్లే వచ్చిందని ఆ అధ్యయనం రుజువు చేయలేదు, అమెరికా దంతవైద్యుల సంఘం కూడా దాని పద్ధతిని ప్రశ్నించింది. నా సలహా అడిగితే, సందేహం పెట్టుకుని వాడే బదులు మైనం పూసిన నైలాన్ తీసుకోండి. ధర కూడా తక్కువే. అది కూడా దిగనంత బిగుతు సందులుంటే అప్పుడు టేపు గురించి ఆలోచించవచ్చు.

పాలకంకి · తణుకు

ఇంత మంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. మైనం పూసిన 50 మీటర్ల డబ్బా తీసుకున్నాను. మూరెడు కొలత బాగా గుర్తుండిపోయింది, అంతకుముందు నేను జానెడు దారంతో కుస్తీ పడుతున్నాను. రక్తం బాగా తగ్గింది, కుడి పక్క పై దవడలో ఒక్క చోటే ఇంకా వస్తోంది. ఆగకపోతే చూపిస్తాను. బ్రష్‌కి ముందు చేయాలా, తర్వాతా? పొద్దున్నా, రాత్రా?

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

రోజుకి ఒకసారి చాలు, రాత్రి పడుకునే ముందు మేలు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అప్పుడు సందుల్లో తిండి ఉండకూడదు. ముందు ఫ్లాస్, తర్వాత బ్రష్ చేయండి. 2018లో ఇరాన్‌లోని మష్హద్‌లో 25 మంది డెంటల్ విద్యార్థుల మీద రెండు విధాలా చూశారు. ఫ్లాస్ ముందు చేసినప్పుడు సందుల్లో పాచి ఎక్కువ తగ్గింది, పేస్టులోని ఫ్లోరైడ్ కూడా సందుల్లో ఎక్కువ నిలిచింది. చిన్న పరీక్షే, అందుకని తర్వాత చేస్తే వృథా అని మాత్రం అనుకోవద్దు.

బందరు లడ్డు · మచిలీపట్నం

వాడిన దారం కమోడ్‌లో వేయకండి. నైలాన్ కరగదు, పైపులో వెంట్రుకలతో కలిసి ఉండ కడుతుంది. చెత్తబుట్టలోనే వేయండి. అలవాటు నిలవాలంటే డబ్బా బీరువాలో దాచకుండా టీవీ దగ్గరో, బ్రష్ స్టాండులోనో కళ్లకి కనిపించేలా పెట్టుకోండి. చిగురాకు గారూ, పిల్లల పుల్లల విషయంలో మీరు చెప్పినదే సబబు.

కృష్ణ ఒడ్డు · విజయవాడ

చర్చ ఆలస్యంగా చూశాను. మా అమ్మకి కింది దవడలో మూడు పళ్ల బ్రిడ్జి ఉంది, మధ్య పన్ను తీసేసి అటూ ఇటూ పళ్లకి కలిపి వేశారు. వేయించి ఎనిమిదేళ్లయింది. ఈ మధ్య అక్కడ వాసన వస్తోందని, నీళ్లు పుక్కిలించినా పోవడం లేదని బాధపడుతోంది. మౌత్‌వాష్ వాడుతోంది. పైనుంచి ఫ్లాస్ దిగడం లేదు.

పళ్ల డాక్టరమ్మ · గుంటూరు

పైనుంచి దిగదండీ, మూడు పళ్లూ కలిపి ఉన్నాయి కదా. విశాఖ అల చెప్పిన సూపర్ ఫ్లాస్ మీకూ అదే. గట్టి కొసని బ్రిడ్జి ఒక పక్కన చిగురు దగ్గర దూర్చి రెండో పక్కకి లాగండి. తర్వాత మధ్య పన్ను అడుగు భాగాన్ని, రెండు వైపులా ఆధారంగా ఉన్న పళ్ల పక్కల్ని తుడవండి. మొదటిసారి దారం మీద వచ్చేది చూసి భయపడొద్దు. సూపర్ ఫ్లాస్ దొరక్కపోతే ప్లాస్టిక్ దబ్బనం లాంటి ఫ్లాస్ త్రెడర్ ఉంటుంది, దానికి మామూలు ఫ్లాస్ ఎక్కించి దూర్చవచ్చు. మౌత్‌వాష్ వాసనని కాసేపు కప్పుతుంది, బ్రిడ్జి కింద ఉన్నదాన్ని తీయదు.

వారం రోజులు శుభ్రంగా చేసినా వాసన పోకపోతే, ఒక ఆధారపు పన్ను దగ్గర సిమెంటు కరిగి లోపల పుచ్చుతూ ఉండొచ్చు. బ్రిడ్జి రెండో పన్ను పట్టుతో నిలబడి ఉంటుంది కాబట్టి కదలదు, నొప్పీ రాదు. పంటి నరం తీసేసి ఉంటే అసలు తెలియదు. వేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. అమ్మగారికి షుగరు ఉంటే వారం కూడా ఆగొద్దు.

కృష్ణ ఒడ్డు · విజయవాడ

షుగరు ఉందండీ. ఎల్లుండికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఈలోగా సూపర్ ఫ్లాస్ తెచ్చి మొదలుపెడతాం. ఎక్స్‌రేలో ఏముందో ఇక్కడే రాస్తాను.